నడవాలో మాట

లండన్,
9 ఫిబ్రవరి 1930

అక్కా,

పొయ్యి దగ్గరికి కుర్చీ లాక్కో. చెక్కజోళ్ళు విప్పేయ్. టీ కప్పు చేతిలోకి వచ్చాకే ఈ ఉత్తరం చదువు, నిలబడి చదివితే పడిపోతావు.

నన్ను తీసుకున్నారే!

మా ‘ముందు గది’ నాటకాన్ని ఇక్కడ మాట్లాడే సినిమా బొమ్మలు తీసే కంపెనీ ఒకటి కొనుక్కుందని క్రిస్మస్‌కి వచ్చినప్పుడు చెప్పాను కదా. వేషాలన్నీ లండన్ వాళ్ళకే ఇచ్చేశారు. పెళ్ళికూతురు ఎవరో లార్డుగారి మేనకోడలట, నిద్రలో కూడా మెడ నిటారుగా పెట్టుకునే రకం. మా పాత బృందంలో ఒక్కరినీ పిలవలేదు. కానీ ఇంటావిడ మిసెస్ ఎంట్విసిల్ వేషం మాత్రం ఎవరు కట్టి చూపించినా కుదరలేదట. చివరికి ఎవరో నా పేరు చెప్పారు.

డైరెక్టరు పేరు లెవర్టన్. ముప్ఫై ఏళ్ళు ఉండవు, మెడకి ఎర్ర మఫ్లరు చుట్టుకుని తిరుగుతాడు. “మీరెప్పుడైనా అద్దె ఇళ్ళలో ఉన్నారా?” అని అడిగాడు నన్ను. “నాటకాల వాళ్ళం బాబూ, ఇంకెక్కడుంటాం? ఈ దేశంలో నన్ను తిట్టని ఇంటావిడ లేదు” అన్నాను. నవ్వేసి, “అయితే నాటకం కథ మీ నోటితో చెప్పండి” అన్నాడు.

చెప్పాను. బ్లాక్‌పూల్‌లో గదులు అద్దెకిచ్చే ఒకావిడ. పొరపాటున ఒకే మధ్యాహ్నానికి ముందు గది పెళ్ళివాళ్ళకీ, వెనక గది చావువాళ్ళకీ ఇచ్చేసింది. వడ్డించడానికి ఇంట్లో ఉన్నది ఒక్క పందితొడ. ఒక గదివాళ్ళ సంగతి ఇంకో గదికి తెలియకూడదు. ఆ గదిలో ఏడవాలి, ఈ గదిలో నవ్వాలి, మధ్యలో నడవాలోనే మొహం మార్చుకోవాలి. నడవాలో నోరెత్తితే రెండు వైపులా వినపడిపోతుంది కాబట్టి, పనిపిల్లతో మాట్లాడేదంతా మగ్గాల మాటే.

“మగ్గాల మాట అంటే?” అన్నాడు.

“మా అక్క బర్న్‌లీలో నేతపని చేస్తుంది. మగ్గాల మోతలో పిడుగు పడ్డా వినపడదు. అందుకని మా ఊరి ఆడవాళ్ళు గొంతుతో పని పెట్టుకోరు, మూతితో మాట్లాడతారు. ఒక్కో మాటనీ పెదాల మీద పిండి ఆరేస్తారు. షెడ్డు ఈ చివర మొదలైన కాపురం గొడవ నిమిషంలో ఆ చివర చేరుతుంది, ఒక్క చప్పుడు లేకుండా” అని చెప్పి, నువ్వు మీ మేనేజరు మీద చెప్పే మాటొకటి అచ్చం నీలాగే మూతి తిప్పి చూపించాను. కుర్చీలో వెనక్కి పడ్డాడు.

కాబట్టి ఈ వేషం నాకు ఇప్పించింది నువ్వే. ఆ నడవా ఆట నాది కాదు, నీది. చిన్నప్పుడు నీకు అన్నం డబ్బా పట్టుకుని మిల్లుకి వచ్చి, తలుపు దగ్గర నిలబడి మీ అందరి మూతులు చూస్తూ ఉండిపోయేదాన్ని. అంత గొప్ప నటన నేను ఆ తరవాత ఏ స్టేజీ మీదా చూడలేదు.

సోమవారం మొదలు. బొమ్మ మన ఊరు వచ్చిన రోజు నువ్వు ముందు వరసలో కూర్చోవాలి. కొత్త టోపీ నేను కొనిపెడతాను.

నీ చెల్లెలు,
ఫెబీ


బర్న్‌లీ,
16 ఫిబ్రవరి

ఫెబీ,

కూర్చునే చదివాను. అయినా టీ ఒలికింది.

నీ సంగతి వీధంతా చెప్పేశాను. పక్క మగ్గం కెజియా తెలుసుగా, నోట్లో నువ్వుగింజ నానదు, నాకంటే ముందు మిగతా సగం ఊరికి చెప్పేసింది. ప్రార్థనకి వెళ్తే పాస్టరుగారు కూడా ఆపి అడిగారు, “మీ చెల్లెలు ఇప్పుడు సినిమాల్లోకి వెళ్ళిందటగా” అని. మొహంలో సగం మెప్పు, సగం దిగులు. అమ్మ బతికుంటే ఎలా ఉండేదో అలాగే.

ఇక్కడ పని బాగా లేదు. మా షెడ్డులో సగం మగ్గాలు ఆపేశారు. ఉన్న పనిని అందరం వంతులేసుకుంటున్నాం. నాకు ఖాళీ పొద్దులు ఎక్కువయ్యాయి, అందుకే నీ పాత ఫోటోలన్నీ తీసి గోడకి పెట్టాను. ఒక పాత నాటకంలో మిలట్రీవాడి వేషంలో మీసంతో ఉన్నది కూడా. మొన్న వచ్చిన బొగ్గులవాడు దాన్ని చూసి, “మీ ఆయనా అమ్మా, మంచి అందగాడే, పాపం” అని టోపీ తీశాడు. సరిదిద్దలేదు.

బొమ్మ చూడటానికి రమ్మన్నావు. ఆశ పెట్టుకోకు. ఈ మాట్లాడే బొమ్మలు నాకు పడవు. ఇంతకు ముందులా ఇప్పుడు సినిమాలకి వెళ్ళడం లేదు. టోపీకి డబ్బు తగలేయకు.

జాగ్రత్తగా తిను. లండన్‌లో పేగుల కూర ఉల్లిపాయ వేసి వండటం ఎవరికీ చేతకాదని విన్నాను.

నీ అక్క,
సెలీనా


లండన్,
2 మార్చి

అక్కా,

మూడు వారాలుగా నేను బతుకుతున్న బతుకు చెప్తే నమ్మవు.

స్టూడియో అంటే గోడలకి పరుపులు కొట్టిన పెద్ద గోడౌను. ఎర్రదీపం వెలిగిందంటే ఎవరూ తుమ్మకూడదు. మైకుని పూలకుండీలో దాచారు. ఎవరు ఏం మాట్లాడినా ఆ కుండీకే చెప్పాలి. పెళ్ళికొడుకు పెళ్ళికూతురిని ‘ప్రాణమా’ అనాలంటే తులిప్ పూలలోకి వంగి అంటాడు. ఆమె అలిగి కిటికీ దగ్గరికి వెళ్ళడానికి లేదు, కిటికీ దగ్గర మైకు లేదు కనక.

మొదటి రోజు నేను తలుపు తీసుకుని లోపలికి రాగానే ‘కట్’ అన్నారు. చప్పుడుని రికార్డు మీద రాసుకునే పిమ్ అనే ఆయన అద్దాల పెట్టెలో ఉంటాడు. అందులోంచి బయటికొచ్చి, “ఎవరో పాత గేటు తీస్తున్నారు” అన్నాడు. వెతికారు. గేటు లేదు. మళ్ళీ చేశాను. మళ్ళీ గేటు. చివరికి నేనే చెప్పాల్సి వచ్చింది: “గేటు కాదు నాయనా, నా నడుంపట్టీలో ఉక్కు ఊచలు.” పిమ్ చెవుల దాకా ఎర్రబడ్డాడు. ఇప్పుడు పట్టీ లేకుండా నటిస్తున్నాను. ఏప్రన్‌కి గంజి కూడా మానేశారు, ఆ చిటపటకి ఇల్లు తగలబడుతున్నట్టుందట.

ఇవన్నీ నవ్వుకోవచ్చు. నవ్వుకోలేనిది ఒకటుంది. ఎవరూ నవ్వరే అక్కా. నవ్వకూడదు, నవ్వితే మైకులో పడుతుంది. ఇన్నేళ్ళూ నేను ఒక మాట విసిరితే, అది చీకట్లోకి వెళ్ళి నవ్వై తిరిగొచ్చేది. ఎంతసేపు ఆగాలో, ఎప్పుడు కనుబొమ్మ ఎత్తాలో ఆ నవ్వే చెప్పేది. ఇక్కడ మాట విసిరితే నూతిలో పడ్డట్టే, అడుగు తగిలిన చప్పుడు కూడా రాదు. నేను బాగా చేస్తున్నానో లేదో నాకు తెలియడం లేదు.

ఇక నడవా సంగతి. లెవర్టన్ మంచివాడే, పని తెలిసినవాడే. నిన్న నన్ను పక్కకి పిలిచి, “మిసెస్ ఎంట్విసిల్ నడవాలో మాట్లాడాలి, పైకే. జనం వస్తున్నదే మాట వినడానికి. తెర మీద ఒక మనిషి పెదాలు ఆడిస్తూ చప్పుడు రాకపోతే, హాలువాడి మిషను చెడిపోయిందనుకుని టిక్కెట్టు డబ్బులు వెనక్కివ్వమంటారు” అన్నాడు. అందులో నిజం లేకపోలేదు. గుసగుసగా చెప్తే చాలంటున్నాడు. ఆ మగ్గాల మాట లండన్‌లో ఎవరికి తెలుస్తుందని నాకూ అనిపిస్తోంది. వదిలేద్దామనుకుంటున్నాను.

ఇంకో మాట. ‘నాకు పడవు’ అని ఒక్క ముక్కలో కొట్టేశావు. వారానికి రెండుసార్లు సినిమాకి వెళ్ళే మనిషివి. నీ మూతినీ, మీ షెడ్డు ఆడవాళ్ళ మూతుల్నీ నేను నలుగురిలో పెట్టి నవ్విస్తున్నానని కష్టంగా ఉందా? ఉంటే ఇన్నేళ్ళూ చెప్పలేదేం?

ఫెబీ


బర్న్‌లీ,
6 మార్చి

ఫెబీకి,

వదిలేయాలనుకుంటే వదిలేయ్. నన్నడగడం దేనికి?

లండన్‌లో ఎవరికి తెలుస్తుందని రాశావు. నిజమే. లండన్‌లో వేసుకునే చొక్కా ఎక్కడ నేశారో కూడా వాళ్ళకి తెలియదు. తెలియాల్సిన అవసరమూ లేదు. నువ్వు పెద్దవాళ్ళ మధ్య ఉన్నావు, లార్డుల మేనకోడళ్ళ పక్కన నిలబడుతున్నావు. మూతి తిప్పుకుంటూ మాట్లాడే మిల్లు ఆడదాని వేషం అక్కడ బాగుండదు. నీ నోరు శుభ్రంగా ఉంచుకో.

నాకు కష్టంగా ఉందా అని అడిగావు. నువ్వు స్టేజీ మీద మా మాట మాట్లాడుతుంటే బర్న్‌లీ గ్యాలరీలో కూర్చుని ఏడ్చినదాన్ని నేను, గర్వంతో. నీకది కనపడలేదంటే, దీపాలు నీ కళ్ళలో పడుతున్నాయన్నమాట.

సెలీనా


లండన్,
9 మార్చి

అక్కా,

నీ ఉత్తరం చదివి టిఫినుకి దిగలేదు. ఇక్కడి ఇంటావిడ, మిసెస్ ఎంట్విసిల్‌కి ఏమాత్రం తీసిపోదు, పైకి వచ్చి, “చావు కబురా?” అని అడిగింది. కాదన్నాను. “అయితే గుడ్లు చల్లారిపోతున్నాయి” అని వెళ్ళిపోయింది.

సిగ్గుపడుతున్నాననుకున్నావా? నేనా? నా బతుకులో నలుగురు మెచ్చిన పని ఏదైనా ఉంటే అది నీ దగ్గర ఎత్తుకొచ్చిందే. ఆ మాట లండన్ వాళ్ళకి తక్కువని అనలేదు, లండన్ వాళ్ళు దానికి చాలరేమో అన్నాను. రాయడం చేతకాక తిరగేసి రాశానేమో.

గుసగుసలతో నిన్న ఒకసారి చేసి చూశాను. ఎలా ఉందో చెప్పే నవ్వు లేదు కదా, కానీ నాకే తెలిసింది. చచ్చినట్టుంది. వచ్చే వారం ఆ నడవా సీనుని కెమెరాతో తీస్తారు. దానికి ముందే నాకు ఒకటి తెలియాలి. నా మీద కోపం వల్ల కాకపోతే మరెందుకు నువ్వు సినిమాలు మానేశావు? తిట్టదలచుకుంటే తిట్టు, కానీ సూటిగా చెప్పు.

నీ ఫెబీ


బర్న్‌లీ,
13 మార్చి

చిన్నీ,

సూటిగా అడిగావు కనక సూటిగానే చెప్తున్నా. నాకు వినపడదు.

కంగారు పడకు, ఇదేం కొత్త జబ్బు కాదు. మగ్గాల దగ్గర బతికినవాళ్ళందరికీ వచ్చేదే. కుడిచెవి ఎప్పుడో పోయింది. రెండోది కొంచెం కొంచెంగా వెళ్ళిపోతూ, పోయిన చలికాలానికి దాదాపు మూసుకుంది. మిల్లులో దీంతో ఇబ్బందే లేదు, అక్కడ చెవులున్నవాళ్ళకీ లేనివాళ్ళకీ తేడా తెలియదు. వీధిలోనూ సగం మంది నాలాంటివాళ్ళే. క్రిస్మస్‌కి వచ్చినప్పుడు నువ్వు కనిపెట్టలేదేం అంటావా? నువ్వు నాతో ఎప్పుడు గొంతుతో మాట్లాడావే? గడప దాటగానే నీ నోరు మగ్గాల మాటకి మారిపోతుంది. ప్రపంచంలో నేను ఒక్క ముక్క పోకుండా వినగలిగే మనిషివి నువ్వే.

పాత మూగ బొమ్మలంటే నాకూ కెజియాకీ ఎందుకంత పిచ్చో తెలుసా? తెర మీద అక్షరాలు ‘ప్రియా, నీకోసం ప్రాణమిస్తాను’ అని పడతాయి. హీరో పెదాల మీద మాత్రం, ‘నా కాలు తొక్కుతున్నావు, బండదానా’ అని ఉంటుంది. మేం మూడో వరసలో కూర్చుని కడుపులు పట్టుకునేవాళ్ళం. చుట్టుపక్కలవాళ్ళు, ‘ఏడవాల్సిన చోట నవ్వుతారేంటి వీళ్ళు’ అని గొణిగేవారు. మంత్రుల మాటలూ, ముష్టివాళ్ళ మాటలూ ఎన్ని చదివామో! చెవులున్నవాళ్ళకి దొరకని బొమ్మ మాకు దొరికేది.

తరవాత మాట్లాడే బొమ్మ వచ్చింది. మా షెడ్డు ఆడవాళ్ళం ఒక వరసంతా పట్టుకుని వెళ్ళాం. అక్షరాలు పోయాయి. మనుషులు మొహాలు పక్కకి తిప్పుకుని పూలతోనూ దీపాలతోనూ మాట్లాడుతున్నారు. ఎందుకో నీ ఉత్తరం వచ్చేదాకా తెలియలేదు. హాలంతా నవ్వుతోంది, మా వరస మాత్రం చావింట్లో కూర్చున్నట్టుంది. పక్కనున్న కెజియా నా చెయ్యి పట్టుకుంది. బయటికొచ్చాక అందరం, ‘చాలా బాగుంది కదూ’ అనుకున్నాం. ఒకరి మూతి ఒకరం చూసుకోకుండా అన్నాం. ఆ తరవాత ఎవరం వెళ్ళలేదు.

నీ బొమ్మ వస్తుందని తెలిసినప్పుడు నా మొదటి సంతోషం పోగానే రెండో ఆలోచన అదే. నా చెల్లెలు తెర మీద మాట్లాడుతుంది, ఊరంతా వింటుంది, నేను తప్ప. ఆ మాట నీకు రాసి నీ పండగ పాడుచేయాలనిపించలేదు. దాన్ని మింగబోయి నీ మీద కక్కాను. అంతేనమ్మా.

నడవా సంగతి నీ ఇష్టం. వాళ్ళు చెప్పినట్టు చేయకపోతే వేషం పోతుందంటే, చెప్పినట్టే చెయ్యి. నాకోసం దేన్నీ పోగొట్టుకోకు.

నీ అక్క


లండన్,
23 మార్చి

బంగారు అక్కా,

నీ ఉత్తరం జాకెట్టు లోపల పెట్టుకుని స్టూడియోకి వెళ్ళాను. మైకులో కాగితం గరగర వినపడుతోందని పిమ్ పట్టుకున్నాడు. “ఏముంది లోపల?” అన్నాడు. “మా అక్క” అన్నాను.

మధ్యాహ్నం తిండి వేళ లెవర్టన్ దగ్గరికి వెళ్ళాను. నీ సంగతి చెప్పలేదు, అది నా నోటితో పంచేది కాదు. ఆట గురించే మాట్లాడాను.

“బాబూ, ఆ రెండు గదుల్లోనూ మాటల మీద మాటలు, ఏడుపుల మీద పాటలు. నడవాలో కూడా మాటే పెడితే, అది మూడో గది అవుతుంది. తలుపు మూయగానే నిశ్శబ్దం పడాలి. జనం ఊపిరి బిగపట్టాలి. అప్పుడే కదా వాళ్ళకి తెలిసేది, ఈవిడ పట్టుబడిపోతుందేమోనని!”

“హాల్లో నిశ్శబ్దం పడితే మిషను చెడిందనుకుంటారు, చెప్పానుగా.”

“గోడ గడియారం పెట్టండి. టిక్ టిక్ వినపడుతుంటే మిషను బాగానే ఉందని తెలుస్తుంది. రెండు తలుపుల వెనక నుంచీ ఒక వైపు పెళ్ళిపాటా, ఇంకో వైపు ప్రార్థనా సన్నగా వినపడనివ్వండి.”

అతను మఫ్లరు కొసని నములుతూ ఆలోచించాడు. ఆ పని చేస్తున్నాడంటే బుర్ర నడుస్తోందని అర్థం. పిమ్ పక్కనే శాండ్విచ్ తింటున్నాడు, ఉన్నట్టుండి, “చేయొచ్చు సార్. ఇప్పటిదాకా నాచేత అందరూ మోత రాయించారు. నిశ్శబ్దం రాయమని ఎవరూ అడగలేదు. నాకు చేయాలని ఉంది” అన్నాడు. నాకు అతన్ని ముద్దు పెట్టుకోవాలనిపించింది. పెళ్ళి కావాల్సినవాడు కనక మానుకున్నాను.

“ఒక్కసారి. కుదరకపోతే గుసగుసలే” అన్నాడు లెవర్టన్.

ఇంకో షరతు కూడా పెట్టాను: “ఈ బొమ్మ మొత్తంలో నేను పూలకుండీ వైపు తిరగను. కుండీనే నా ముందుకు తెచ్చుకోండి. నా మొహం జనం వైపే ఉంటుంది.” ఎందుకని అడిగాడు. “నా మొహం మీదే బతికాను, దాన్నిప్పుడు పూలకి చూపించి ఏం లాభం?” అన్నాను. నవ్వి ఒప్పుకున్నాడు.

ఎర్రదీపం వెలిగింది. పెళ్ళిగదిలోంచి నవ్వుతూ బయటికొచ్చాను. తలుపు మూశాను. నవ్వు ఊడిపోయింది. గడియారం టిక్ టిక్. పనిపిల్ల వేషం వేసే ఐవీతో మగ్గాల మాట మొదలుపెట్టాను. ఆ పిల్లకి నెలరోజులుగా నేనే నేర్పుతున్నాను, బాగా పట్టుకుంది. చావుగది తలుపు మీద చెయ్యి వేసి, మొహాన్ని మెల్లగా, పై నుంచి కిందికి, తెర దించినట్టు ఏడుపులోకి దించాను. అప్పుడు పై నుంచి, దీపాల దగ్గర కూర్చున్న ముసలి వడ్రంగి, కుక్క మొరిగినట్టు ఒక్క నవ్వు నవ్వాడు! దాంతో అందరూ పేలిపోయారు. తీసిందంతా పాడైపోయింది. ‘కట్’ అనాల్సిన లెవర్టన్ మఫ్లరంతా నోట్లో కుక్కుకుని ఉన్నాడు.

అక్కా, ఆ నవ్వు! ఎన్ని వారాల కరువు తీరిందో. అక్కడే నిలబడి ఏడ్చాను.

ఒక్కసారే అన్నవాడు ఇంకోసారి తీశాడు. ఈసారి వడ్రంగిని బయటికి పంపారు. మిగతావాళ్ళు నోళ్ళకి రుమాళ్ళు కట్టుకున్నారు. కుదిరింది. పిమ్ విని చూసి, “గడియారం తప్ప ఇంకేం లేదు. మీరేమన్నారో దేవుడికే తెలియాలి” అన్నాడు. దేవుడికీ, ఇంకొందరికీ.

నీ చెవుల గురించి ఒకే ఒక మాట. నాతో దాచకు, ఇంకెప్పుడూ. ఇవాళ్టి నుంచి మన ఇద్దరిలో ఏది పోయినా రెండోవాళ్ళకి చెప్పాల్సిందే.

నీ ఫెబీ


లండన్,
28 సెప్టెంబరు

అక్కా,

బొమ్మ వచ్చే సోమవారం బర్న్‌లీకి వస్తోంది, మార్కెట్టు వెనక హాలుకి. వారం రోజులు. నేను రాలేను, ఇంకో బొమ్మలో వంటావిడ వేషం దొరికింది.

ఇక్కడ ఆడిన రోజు నేను చివరి వరసలో, మొహానికి బొచ్చు కండువా చుట్టుకుని కూర్చున్నాను. నడవా మొదటిసారి వచ్చినప్పుడు, లెవర్టన్ భయపడ్డట్టే, ముందు వరసలో ఒకాయన వెనక్కి తిరిగి మిషను గది వైపు చూశాడు. తరవాత గడియారం విన్నాడు. తరవాత పగలబడి నవ్వాడు. పేపర్లలో పెళ్ళికూతురి గౌను గురించి ఎక్కువా, నా గురించి తక్కువా రాశారు. ఒక్క పేపరులో మాత్రం, ‘మాట్లాడే బొమ్మల్లో ఇన్నాళ్ళకి ఒకరు మాట్లాడకుండా ఉండటం నేర్చుకున్నారు’ అని పడింది. లెవర్టన్ దాన్ని కత్తిరించి జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు.

టోపీ పార్సిలు పంపాను. ఈక మరీ పెద్దదయితే కత్తిరించుకో. కెజియానీ, మీ వరసనంతా తీసుకెళ్ళు. నాకోసం ఒక్కసారి.

ఫెబీ


బర్న్‌లీ,
12 అక్టోబరు

ఓసి దొంగమొహమా!

ముందే చెప్పొద్దూ? నా గుండె ఆగిపోతే నా పాపం ఎవరికి తగిలేది?

సోమవారం సాయంత్రం వెళ్ళాం. నేనూ, కెజియా, షెడ్డు ఆడవాళ్ళందరం. చాలామంది ఆ మొదటి మాట్లాడే బొమ్మ చూసినప్పటినుంచీ సినిమా గుమ్మం తొక్కనివాళ్ళే. ఎవరి మొహంలోనూ ఆశ లేదు. నీ మీద గౌరవం కొద్దీ, చావు చూడటానికి వెళ్ళినట్టు వచ్చారు. నా ముందు కిరాణాకొట్టు థ్రెల్‌ఫాల్ కూర్చున్నాడు, వెనక నుంచి ఎవరో భుజం తట్టి, మీ టోపీ ఈక అడ్డమొస్తోందన్నారు.

బొమ్మ మొదలైంది. పెళ్ళివాళ్ళు వచ్చారు, పూలతో మాట్లాడారు. చావువాళ్ళు వచ్చారు, దీపంతో మాట్లాడారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. మా వరస బిగుసుకుపోయింది. అప్పుడు నువ్వొచ్చావు.

ఏం చెప్పనే చిన్నీ. అంత పెద్ద మొహం! గది గోడంత! నేను నీకు ముక్కు తుడిచిన మొహం. ఎక్కడా పక్కకి తిప్పలేదు. నువ్వు ఏ మాటన్నా నా దగ్గరికి నేరుగా వచ్చింది. ఒక్క ముక్క పోలేదు. ఇదంతా కావాలనే చేశావని అప్పుడర్థమైంది. కళ్ళద్దాలు తుడుచుకోవడానికి కూడా భయమేసింది, ఆ లోపల ఏమైనా అనేస్తావేమోనని.

ఇక తలుపు మూశావు. నడవా. హాలంతా నిశ్శబ్దం అయిందని కెజియా కోడలు తరవాత చెప్పింది, ఆ పిల్లకి చెవులున్నాయి. మాకేం తెలుస్తుంది? మాకు నువ్వు మాట్లాడుతున్నావు, అంతే.

‘పందితొడ ఎక్కడే?’ అన్నావు ఐవీతో. బాగుంది. రెండోసారి వచ్చి, ‘ఆ పెళ్ళికొడుకు మొహం చూశావా? వెనక గదిలో శవానికే కాస్త కళ ఉంది’ అన్నావు. మా వరస ఒక్కసారిగా గోల! థ్రెల్‌ఫాల్ వెనక్కి తిరిగి, ‘ఏమంది? ఏమంది?’ అని అడిగాడు. అతని పెళ్ళాం, మా మిల్లులో చేసి మానేసిందే, భర్త చెవిలో చెప్పింది. అతను పక్కవాడికి చెప్పాడు. నువ్వు అన్న మాట మా దగ్గర బయలుదేరి వరస వెనక వరస, మేడ దాకా పాకింది. చెవులున్నవాళ్ళందరూ చెవుల్లేనివాళ్ళని అడుగుతున్నారే! ‘ఇప్పుడేమంది, ఇప్పుడేమంది’ అని. మేం చెప్తున్నాం. నేను మగ్గం ఆపి చాన్నాళ్ళయింది, అయినా ఆ సాయంత్రం షెడ్డు మొత్తం నడుస్తున్నట్టుంది.

మూడోసారి వచ్చావు. తలుపుకి వీపు ఆనించి, ఐవీని వదిలేసి, సూటిగా మా వైపు తిరిగి అన్నావు చూడూ: ‘సెలీనా ఆగ్డెన్, నవ్వింది చాలు. అందరూ నిన్నే చూస్తున్నారు.’

చూశారే! షెడ్డు ఆడవాళ్ళంతా ఒక్కసారి మెడలు తిప్పి నన్నే చూశారు. మేడ మీద ఉన్నవాళ్ళు లేచి నిలబడి చూశారు. వాళ్ళెందుకు చూస్తున్నారో తెలియని మిగతా హాలంతా కూడా, ఏమైందోనని నన్నే చూసింది. తెర మీద బొమ్మ దారిన బొమ్మ ఆడుతోంది, ఊరు ఊరంతా ఈక టోపీ పెట్టుకున్న ఒక ముసలిదాన్ని చూస్తోంది. నేను నవ్వు ఆపుకోలేక కుర్చీలోంచి కిందికి జారిపోయాను. కెజియా నన్ను లాగబోయి తనూ పడింది. థ్రెల్‌ఫాల్ తనంతట తానే టోపీ తీసి నాకు వంగి నమస్కారం చేశాడు.

ఆ లెవర్టన్ గారికి తెలుసా నువ్వు ఇలాంటి పని చేశావని? తెలియకపోతే చెప్పకు. తెలిస్తే, ఆయన బొమ్మ బాగా తీశారని ఒక నేతపనావిడ రాసిందని చెప్పు. పిమ్‌కి కూడా. గడియారం చాలా బాగుందట.

హాలువాడు రెండో రోజు నుంచి గుమ్మం దగ్గర ‘బొమ్మలో మాట తెలిసినవాళ్ళు మీ వరసలో ఉంటారు’ అని అందరికీ చెప్పి టిక్కెట్లు అమ్మాడు. నేను ప్రతి సాయంత్రం వెళ్ళాను. మంగళవారం పక్క వరసలో కూర్చున్నాను. బుధవారం మేడ ఎక్కాను. గురువారం టోపీ తీసేసి, శాలువా ముసుగేసుకుని స్తంభం వెనక నక్కాను.

ఎక్కడ కూర్చున్నా నీ కళ్ళకి దొరికిపోయానే!

నీ అక్క,
సెలీనా